తొలి బ్యాడ్మింటన్ రాకెట్: ఎవరి చేతికి ఏది నప్పుతుంది?

అరువు రాకెట్‌తో నెలా రెండు నెలలు ఆడాక సొంతది ఒకటి కొనుక్కోవాలనిపించడం సహజం. తీరా కొనబోయేసరికి 4యు, జి5, హెడ్ హెవీ, స్టిఫ్, 28 పౌండ్లు వంటి గుర్తులు ఎదురై తికమక పెడతాయి. వాటి అర్థం ఎవరైనా విడమరిచి చెప్పినా, ఆ వివరాలను తన చేతికి ఎలా అన్వయించుకోవాలో ఆటలోకి కొత్తగా వచ్చిన మనిషికి తెలియదు. అందువల్ల చాలామంది అడ్డదారి పడతారు. తమకు నచ్చిన ఆటగాడు ఏ రాకెట్ పట్టుకుంటే దానినే కొంటారు.

ఆ దారి ఎక్కడ తేలుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. టోక్యో ఒలింపిక్స్‌లోనూ, 2024 పారిస్ ఒలింపిక్స్‌లోనూ పురుషుల సింగిల్స్ స్వర్ణం గెలిచిన విక్టర్ అక్సెల్సెన్ పేరు చెప్పగానే యొనెక్స్ కంపెనీ రాకెట్ ఆస్ట్రాక్స్ 100 జెడ్‌జెడ్ గుర్తుకు వస్తుంది. దాని బరువు తల వైపు మొగ్గి ఉంటుంది, షాఫ్ట్, అంటే తలనూ పిడినీ కలిపే సన్నని కడ్డీ, చాలా గట్టిది. 194 సెంటీమీటర్ల ఎత్తుండి, చిన్ననాటి నుండి సాధన చేసిన ఆటగాడు దానిని విసిరినప్పుడు షాఫ్ట్ వెనక్కి వంగి, షటిల్‌ను తాకే వేళకు మళ్లీ నిటారుగా లేచి, ఆ లేచే ఊపును షటిల్‌కు అందిస్తుంది. కొత్తగా ఆడుతున్నవారి చేతిలో అది దాదాపుగా వంగదు. షాఫ్ట్ వంగకపోతే అది ఇవ్వాల్సిన సాయం అందదు, ఆ లోటంతా భుజమూ మోచేయీ పూడ్చుకోవాల్సి వస్తుంది.

ఈ పొరపాటు నేనూ చేశాను. నా మొదటి రాకెట్ తల బరువుగా, షాఫ్ట్ ఇనుప చువ్వలా ఉండేది. మూడు వారాలకే మోచేతి బయటి వైపు నొప్పి పట్టుకుంది. ఒకరోజు డబుల్స్‌లో నాతో జోడీగా ఆడే మిత్రుడి పాత రాకెట్, షాఫ్ట్ కాస్త మెత్తనిది, తీసుకుని వెనుక గీత దగ్గర నుండి క్లియర్ (షటిల్‌ను ఎత్తుగా అవతలి వెనుక గీత వైపు పంపే దెబ్బ) కొట్టి చూస్తే, అప్పటి వరకు అవతలి కోర్టు మధ్యలోనే వాలిపోతున్న షటిల్ వెనుక గీత దాకా వెళ్లింది. మొత్తం కోర్టు పొడవు 13.40 మీటర్లు కనుక అది చిన్న తేడా కాదు. చేయీ అదే, దెబ్బా అదే, మారింది రాకెట్ ఒక్కటే. కాబట్టి కింద చేసిన పోలికలన్నిటికీ నేను పెట్టుకున్న కొలబద్ద ఒకటే. రెండేళ్ల తరువాత ఎలా ఆడాలని ఆశపడుతున్నామో పక్కన పెట్టి, ఈ రోజు చేయి ఎంత వేగంగా కదులుతున్నదో దానికి తగిన రాకెట్ తీసుకోవాలి.

బరువు, బ్యాలెన్స్

మొదట బరువు సంగతి చూద్దాం, ఇందులో పెద్ద చిక్కు లేదు. ఎక్కువ కంపెనీలు వాడే లెక్కలో 3యు అంటే 85 నుండి 89 గ్రాములు, 4యు అంటే 80 నుండి 84 గ్రాములు, 5యు అంటే 75 నుండి 79 గ్రాములు. యు ముందున్న అంకె పెరిగిన కొద్దీ రాకెట్ తేలికవుతుంది. ఇది గట్టింగ్, అంటే తీగల వల, వేయకముందు, పైన అదనపు గ్రిప్ చుట్టకముందు ఉండే బరువు. పెద్దవారెవరైనా 4యుతో మొదలుపెడితే పొరపాటు జరగదు. 3యు కొన్నవారికి మూడో గేముకు చేయి బరువెక్కి రాకెట్ ఆలస్యంగా లేస్తుంది. 5యు చేతిలో గాలిలా తిరుగుతుంది, అయితే వెనుక కోర్టు నుండి షటిల్‌ను దూరం పంపడానికి దాని వెనుక తగినంత బరువు లేదనిపిస్తుంది. భుజం నొప్పి ఉన్నవారికీ, సన్నటి చేతులు గల టీనేజీ పిల్లలకూ మాత్రం 5యునే మేలు.

చేతికి నిజంగా తెలిసేది మొత్తం బరువు కన్నా ఆ బరువు ఎక్కడ కూర్చుంది అన్నదే. తల వైపు మొగ్గిన 4యు రాకెట్, పిడి వైపు మొగ్గిన 3యు రాకెట్ కన్నా ఊపినప్పుడు బరువుగా అనిపించడం మామూలే. దీనిని బ్యాలెన్స్ పాయింట్‌తో కొలుస్తారు. గట్టింగ్ లేని రాకెట్‌ను చూపుడువేలి మీద అడ్డంగా నిలబెట్టి, అది ఏ చోట ఒరగకుండా నిలుస్తుందో ఆ చోటు పిడి చివరి నుండి ఎన్ని మిల్లీమీటర్లో చూస్తారు. సుమారుగా 285 కన్నా తక్కువైతే హెడ్ లైట్ అనీ, 285 నుండి 295 మధ్య ఉంటే ఈవెన్ బ్యాలెన్స్ అనీ, అంతకు మించితే హెడ్ హెవీ అనీ అంటారు. ఈ హద్దులు ఒక్కో కంపెనీకి అయిదారు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉంటాయి.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పుకోవాలి, ఎందుకంటే దీనిని చాలామంది పట్టించుకోరు. గట్టింగ్ వేస్తే నాలుగు గ్రాములకు పైగా బరువు తల భాగంలో చేరుతుంది, దానితో బ్యాలెన్స్ పాయింట్ దాదాపు ఒక సెంటీమీటరు తల వైపు జరుగుతుంది. పిడికి అయిదు గ్రాముల ఓవర్‌గ్రిప్ (గ్రిప్ మీద చుట్టే అదనపు పట్టీ) ఒకటి చుడితే ఆ పాయింట్ మళ్లీ ఇంచుమించు మొదటి చోటికి వచ్చేస్తుంది. అంటే కొన్న రోజున హెడ్ హెవీగా తోచిన రాకెట్‌ను రెండు ఓవర్‌గ్రిప్పులతో చాలావరకు మామూలు రాకెట్‌గా మార్చుకోవచ్చు. పిడి లావవుతుంది కనుక దీనికీ ఒక హద్దుంది, ఆ సంగతి తరువాత చూద్దాం.

హెడ్ హెవీ వల్ల స్మాష్ బలంగా పడుతుందన్నది కొత్తవారిలో బాగా పాతుకుపోయిన నమ్మకం. అందులో కొంత నిజం లేకపోలేదు. బరువైన తల ఒకసారి వేగం అందుకుంటే షటిల్‌ను గట్టిగానే నెడుతుంది. కానీ ఆ వేగం అందుకోవడానికి సమయం కావాలి, చేయి తిరిగిన తీరు సరిగ్గా ఉండాలి. 2023 ఏప్రిల్‌లో సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డు నెలకొల్పినప్పుడు ఆయన చేతిలో ఉన్నది యొనెక్స్ నానోఫ్లేర్ 1000 జెడ్, అది హెడ్ లైట్ కోవకు చెందినది. స్మాష్‌లోని వేగం మొదట చేతి నుండి, మణికట్టు తిప్పడం నుండి వస్తుందని ఇంతకన్నా వేరే రుజువు అక్కరలేదు. అలాగని ఆ నానోఫ్లేర్‌ను కొనమని నేను చెప్పడం లేదు, దాని షాఫ్ట్ కూడా చాలా గట్టిది.

హెడ్ లైట్ రాకెట్ నెట్ దగ్గర, డబుల్స్‌లో శరీరం మీదికి బల్లపరుపుగా దూసుకొచ్చే డ్రైవ్ దెబ్బలను తిప్పికొట్టేటప్పుడు ఎంతో హాయిగా ఉంటుంది. వెనుక కోర్టులో మాత్రం క్లియర్ కొట్టేటప్పుడు తాకే క్షణం సరిగ్గా కుదరకపోతే షటిల్ దూరం పోదు. కొత్తవారికి ఆ క్షణం కుదరడమే కష్టం. ఈవెన్ బ్యాలెన్స్ రెండు చోట్లా మధ్యరకంగా పనిచేస్తుంది. ఇంకా తన ఆట ఏమిటో, నెట్ దగ్గర బాగా ఆడగలడా వెనుక నుండి కొట్టగలడా అన్నదే తెలియని మనిషికి ఈ మధ్యరకమే మంచిది. యొనెక్స్‌లో ఆర్క్‌సేబర్ వరుస ఈవెన్ బ్యాలెన్స్‌కూ, ఆస్ట్రాక్స్ తల బరువుకూ, నానోఫ్లేర్ తల తేలికకూ ప్రసిద్ధి. విక్టర్ అనే కంపెనీలో థ్రస్టర్ బలానికీ ఆరాస్పీడ్ వేగానికీ, లి-నింగ్ కంపెనీలో ఆక్స్‌ఫోర్స్ బలానికీ బ్లేడెక్స్ వేగానికీ ఉద్దేశించినవి. ఒక్కో వరుసలో తొలి మెట్టు రాకెట్ల నుండి పోటీ ఆటగాళ్ల రాకెట్ల వరకు అన్నీ ఉంటాయి కనుక, వరుస పేరును బట్టి బ్యాలెన్స్ తెలుస్తుందే తప్ప షాఫ్ట్ గట్టిదో మెత్తనిదో తెలియదు.

షాఫ్ట్ మెత్తదనం

నా దృష్టిలో తొలి రాకెట్ ఎంపికలో తప్పు జరిగేది ఎక్కువగా ఇక్కడే. షాఫ్ట్‌లను ఫ్లెక్సిబుల్, మీడియం, స్టిఫ్, ఎక్స్‌ట్రా స్టిఫ్ అని విభజిస్తారు. చేయి నెమ్మదిగా కదిలేవారికి మెత్తని షాఫ్ట్ సాయం చేస్తుంది. అది తేలికగా వంగి, వెనక్కి లేచేటప్పుడు షటిల్‌కు అదనపు ఊపు ఇస్తుంది. వేగంగా చేయి విసిరేవారికి మాత్రం అదే మెత్తదనం అడ్డు వస్తుంది. షటిల్ తాకే సమయానికి తల ఇంకా వెనకబడి ఉంటుంది కనుక దెబ్బ అనుకున్న చోటుకు పోదు. గట్టి షాఫ్ట్ వెంటనే నిటారుగా వస్తుంది, కొట్టిన దిశ కచ్చితంగా ఉంటుంది, అయితే బలమంతా ఆడేవారే తెచ్చుకోవాలి.

మీ చేయి ఏ కోవకు చెందుతుందో తెలుసుకోవడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. వెనుక గీత దగ్గర నిలబడి, ఎవరినైనా షటిల్ ఎత్తి అందించమని, వరుసగా పది క్లియర్‌లు కొట్టండి. అందులో ఆరేడు అవతలి వైపు వెనుక గీతకు ఓ అడుగు అటూ ఇటూ పడుతున్నాయా, లేక కోర్టు మధ్యలోనే దిగిపోతున్నాయా చూడండి. మధ్యలోనే దిగుతుంటే ఫ్లెక్సిబుల్ గాని మీడియం గాని తీసుకోవాలి. వెనుక గీత దాకా సులభంగా చేరుతున్నా, కొత్తవారికి మీడియం దాటవలసిన పని లేదు. స్టిఫ్ అని రాసి ఉన్న ప్రతిదీ మంచి రాకెట్ అన్న భ్రమ ఎలాగో వ్యాపించింది, నిజానికి ఆ మాటకు నాణ్యతతో ఏ సంబంధమూ లేదు.

కొనేచోట షాఫ్ట్‌ను పరీక్షించడానికి కొందరు రాకెట్ తలనూ పిడినీ పట్టుకుని విల్లులా వంచి చూస్తారు. అలా వంచితే ఎంత గట్టి షాఫ్టయినా కొంత వంగుతుంది, పక్కన మరొక రాకెట్ పెట్టి అదే బలంతో వంచి పోల్చకపోతే దానివల్ల తెలిసేదేమీ ఉండదు. పది నిమిషాలు ఆడనిచ్చే స్నేహితుడి రాకెట్ ఇంతకన్నా నమ్మదగిన సాక్ష్యం.

గట్టింగ్: రాకెట్ కన్నా ముందు ఆలోచించాల్సినది

షటిల్‌ను తాకేది ఫ్రేమూ కాదు, షాఫ్టూ కాదు, గట్టింగ్. మధ్యరకం రాకెట్‌కు సరైన గట్టింగ్ ఉంటే, ఖరీదైన రాకెట్‌కు తప్పుడు గట్టింగ్ ఉన్నదానికన్నా అది బాగా ఆడుతుంది. అయినా రాకెట్ కొనేటప్పుడు గంట సేపు ఆలోచించేవారు గట్టింగ్ దగ్గరికి వచ్చేసరికి, ఎంత బిగించమంటారని అడిగితే, అందరూ ఎంత వేయించుకుంటారో అంతే వేయండి అనేస్తారు.

బిగువును పౌండ్లలో చెబుతారు. ప్రపంచ స్థాయి ఆటగాళ్లు 28 నుండి 32 పౌండ్లు, కొందరు అంతకన్నా ఎక్కువ కూడా వేయించుకుంటారు. బిగువు పెరిగిన కొద్దీ వల గట్టి పలకలా తయారవుతుంది, షటిల్ ఎటు పోవాలో అటు కచ్చితంగా పోతుంది, కానీ వల తనంతట తాను విసిరే గుణం తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా, షటిల్ బాగా ఎగిరే నడిమి చోటు, ఆటగాళ్లు స్వీట్ స్పాట్ అనేది, చిన్నదవుతుంది. కొత్తవారి దెబ్బల్లో సగం ఆ నడిమి చోటుకు పక్కనే తగులుతాయి. 20 నుండి 22 పౌండ్ల బిగువులో పక్కన తగిలిన షటిల్ కూడా ఎంతో కొంత దూరం వెళుతుంది. 27 పౌండ్ల దగ్గర అదే దెబ్బ చేతికి జర్రుమని తగిలి, షటిల్ నెట్ దగ్గరే పడిపోతుంది. బాగా బిగించిన వలకు షటిల్ తగిలితే వచ్చే టంగుమనే శబ్దం చెవికి ఇంపుగా ఉంటుందన్నది నిజం, చాలామంది బిగువు పెంచుకునేది ఆ శబ్దం కోసమేనని నా అనుమానం.

ప్రతి రాకెట్ మీద, షాఫ్ట్ పిడిలో కలిసే చోట గాని ఫ్రేమ్ మీద గాని, ఎన్ని పౌండ్ల వరకు బిగించవచ్చో రాసి ఉంటుంది. అది ఫ్రేమ్ తట్టుకోగల హద్దే గాని మీరు వేయించుకోవలసిన బిగువు కాదు. 28 అని రాసి ఉందని 28 వేయించుకోవడం, గంటకు 180 కిలోమీటర్ల దాకా అంకెలున్నాయని బండిని అంత వేగంతో నడపడం లాంటిది.

తీగ మందం కూడా ఎంచుకోవాలి. 0.70 మిల్లీమీటర్ల మందమున్న యొనెక్స్ బీజీ 65 చాలా కాలంగా కొత్తవారికి అందరూ సూచించే తీగ, ఎందుకంటే అది తొందరగా తెగదు. 0.65 మిల్లీమీటర్ల బీజీ 66 అల్టిమాక్స్, 0.63 మిల్లీమీటర్ల ఎక్స్‌బోల్ట్ 63 వంటి సన్నని తీగలు షటిల్‌ను చురుగ్గా ఎగరగొడతాయి, కానీ ఫ్రేమ్ అంచు దగ్గర ఒక్క దెబ్బ తప్పుగా తగిలితే పుటుక్కున తెగుతాయి. దెబ్బలు ఇంకా అంచులకు తగులుతున్న రోజుల్లో మందపాటి తీగ వేసుకోవడం డబ్బుకూ ఓపికకూ మంచిది. తీగ తెగకపోయినా బిగువు రోజురోజుకూ సడలుతూనే ఉంటుంది. కొత్తగా వేయించిన రోజున టంగుమన్న వల మూడు నాలుగు నెలలకు బొంగురుగా మోగితే, తెగేదాకా ఆగకుండా మార్పించుకోవచ్చు.

కంపెనీ నుండే గట్టింగ్‌తో వచ్చే రాకెట్లు కొన్ని ఉంటాయి. వాటిలో తీగ సాదాసీదాది, బిగువు తక్కువ. మొదటి రెండు మూడు నెలలకు అదేమంత లోపం కాదు, బిగువు తక్కువ కావడం ఒక విధంగా కొత్తవారికి మేలే. అది తెగిన రోజున మంచి తీగ వేయించుకుంటే సరిపోతుంది.

పిడి

పిడి చుట్టుకొలతను జి4, జి5, జి6 వంటి గుర్తులతో చెబుతారు. యొనెక్స్ లెక్కలో అంకె పెరిగితే పిడి సన్నబడుతుంది. అన్ని కంపెనీల లెక్కా ఒకటి కాదు కనుక గుర్తును నమ్మేకన్నా చేతిలో పట్టుకుని చూడటం నయం. కరచాలనం చేసినట్టు వదులుగా పట్టుకున్నప్పుడు వేళ్ల కొనలకూ అరచేతి దిమ్మకూ మధ్య ఒక వేలు పట్టేంత ఖాళీ ఉండాలి. సందేహముంటే సన్నదే తీసుకోండి. సన్నని పిడికి ఓవర్‌గ్రిప్ చుట్టి లావు చేసుకోవచ్చు, లావు పిడిని సన్నం చేయలేము.

రాకెట్ పిడికి ఎనిమిది పలకలు ఉంటాయన్న సంగతి చాలామంది గమనించరు. ఫోర్‌హ్యాండ్ నుండి బ్యాక్‌హ్యాండ్‌కు మారేటప్పుడు బొటనవేలు వెడల్పాటి పలక మీదికి రావాలి, ఆ మార్పు కళ్లతో చూడకుండా వేళ్లతోనే తెలుసుకోవాలి. మందపాటి గ్రిప్పులు రెండు మూడు పొరలు చుట్టేస్తే ఆ పలకల అంచులు మాయమై పిడి రోకలిలా గుండ్రంగా తయారవుతుంది, రాకెట్ ముఖం ఎటు తిరిగి ఉందో చేతికి తెలియదు. అందువల్ల ఒక పొర, మహా అయితే రెండు పొరల ఓవర్‌గ్రిప్ చాలు. చేతులకు చెమట ఎక్కువ పట్టేవారు టవల్ గ్రిప్ వాడుకోవచ్చు, దానిని మాత్రం తరచూ మార్చాలి.

ఏ పదార్థంతో చేసినది?

మిగిలిన విషయాలు త్వరగా చెప్పుకోవచ్చు. ఫ్రేమూ షాఫ్టూ కలిసే చోట టి ఆకారంలో లోహపు అతుకు బయటికి కనిపిస్తుంటే అది సాధారణంగా అల్యూమినియం ఫ్రేమూ ఉక్కు షాఫ్టూ కలిసిన రాకెట్. అవి బరువుగా ఉంటాయి, ఎక్కువ బిగువు తట్టుకోవు, నేలకు తగిలితే సొట్ట పడతాయి తప్ప తొందరగా విరగవు. పిల్లలు ఇంటి ముందు ఆడుకోవడానికి అవి సరిపోతాయి. కోర్టులో నేర్చుకోవాలనుకున్నవారు మాత్రం ఫ్రేమూ షాఫ్టూ మొత్తం గ్రాఫైట్‌తో చేసిన రాకెట్‌నే తీసుకోవాలి. డబుల్స్‌లో జోడీ రాకెట్ తగిలితే గ్రాఫైట్ ఫ్రేమ్ పగులుతుంది, ఆ ప్రమాదం అందరికీ ఉన్నదే.

తల ఆకారం విషయంలో కోడిగుడ్డు ఆకారం కన్నా పైభాగం కాస్త చదరంగా ఉండే ఐసోమెట్రిక్ ఆకారం కొత్తవారికి మంచిది, ఎందుకంటే దానిలో స్వీట్ స్పాట్ పెద్దది. ఇప్పుడు వచ్చే రాకెట్లలో ఎక్కువ భాగం ఈ ఆకారంలోనివే కనుక దీని కోసం వెతకాల్సిన పని పెద్దగా ఉండదు. పొడవు గురించి కూడా బెంగ అక్కరలేదు. నియమాల ప్రకారం రాకెట్ పొడవు 680, వెడల్పు 230 మిల్లీమీటర్లకు మించకూడదు, పెద్దవారి రాకెట్లు దాదాపు అన్నీ 675 మిల్లీమీటర్ల దగ్గరే ఉంటాయి. చిన్నపిల్లలకు మాత్రం పొట్టి రాకెట్ తీసుకోవాలి. పెద్దలది ఇస్తే వారు పిడి పైకి, షాఫ్ట్ దగ్గరికి పట్టుకోవడం అలవాటు చేసుకుంటారు, ఆ అలవాటు తరువాత పోవడం చాలా కష్టం.

ఎవరికి ఏది?

వారానికి రెండు మూడు రోజులు సరదాగా డబుల్స్ ఆడే పెద్దవారికి 4యు బరువు, ఈవెన్ బ్యాలెన్స్, ఫ్లెక్సిబుల్ లేదా మీడియం షాఫ్ట్, 21 పౌండ్ల బిగువు బాగా నప్పుతాయి. శిక్షకుడి దగ్గర క్రమంగా నేర్చుకోబోయేవారు మీడియం షాఫ్ట్‌నే ఎంచుకుని, దెబ్బలు కుదిరిన కొద్దీ రాకెట్ మార్చకుండా బిగువును ఒక్కో పౌండు పెంచుకుంటూ 24 దాకా వెళ్లవచ్చు. ఆ రాకెట్ ఏడాదిన్నర రెండేళ్లు హాయిగా పనికి వస్తుంది.

టెన్నిస్ గాని క్రికెట్ గాని ఆడి చేయి బలపడినవారి సంగతి కొంచెం వేరు. వారికి బలం ఉంటుంది గాని దెబ్బ మొత్తం భుజం నుండే వస్తుంది, మణికట్టూ వేళ్లూ పనిచేయవు. అటువంటివారికి హెడ్ హెవీ ఇస్తే భుజంతో కొట్టే అలవాటు ఇంకా స్థిరపడిపోతుంది. ఈవెన్ బ్యాలెన్స్‌తో ఆరు నెలలు ఆడి, అప్పటికీ వెనుక నుండి స్మాష్‌లే తమ బలమనిపిస్తే కాస్త తల బరువున్నది తీసుకోవచ్చు. మోచేతి నొప్పి లేదా భుజం నొప్పి ఉన్నవారికి 5యు బరువు, ఈవెన్ లేదా హెడ్ లైట్ బ్యాలెన్స్, ఫ్లెక్సిబుల్ షాఫ్ట్, 19 లేదా 20 పౌండ్లు, మెత్తని గ్రిప్ మేలు. ఈ కోవవారు ఇతరుల సలహా విని బిగువు పెంచుకోకూడదు.

ఇక డబ్బు సంగతి. ఒక ఖరీదైన రాకెట్ కొనాలా, మధ్యరకం రాకెట్ కొని మిగిలిన డబ్బుతో ఇంకేమైనా తీసుకోవాలా అని నన్ను అడిగితే, రెండో దారే చెబుతాను, ఆ మిగిలిన డబ్బు ముందుగా బూట్ల మీద పెట్టమంటాను. మామూలు పరుగు బూట్ల మడమ ఎత్తుగా ఉంటుంది కనుక పక్కకు అడుగు వేసినప్పుడు చీలమండ మడతపడే ప్రమాదం ఎక్కువ, గమ్ సోల్ (పట్టున్న రబ్బరు అడుగు) ఉన్న బ్యాడ్మింటన్ బూట్లు కోర్టును పట్టుకుంటాయి. పేరున్న కంపెనీల రాకెట్లకు నకిలీలు కూడా ఉంటాయి కాబట్టి, నమ్మకస్తుడైన డీలరు దగ్గర కొని, రాకెట్ మీది సీరియల్ నంబరునూ హోలోగ్రామ్‌నూ సరిచూసుకోవాలి.

కొత్త రాకెట్ చేతికి వచ్చాక తెలిసి ఉండాల్సిన పని ఒకటుంది. ఆడుతుండగా ఒక తీగ తెగితే గేము పూర్తయ్యేదాకా అలాగే కొనసాగించడం, తరువాత వారం పాటు సంచిలో పడేయడం చాలామందికి అలవాటు. తెగిన చోట బిగువు పోయి మిగిలిన చోట అలాగే ఉండటం వల్ల ఫ్రేమ్ ఒక వైపుకు లాగబడి, క్రమంగా వంకర తిరగవచ్చు. అందువల్ల తీగ తెగిన వెంటనే కత్తెర తీసుకుని, మధ్య నుండి మొదలుపెట్టి అంచుల వైపు అన్ని వైపులా సమంగా మిగిలిన తీగలన్నీ కత్తిరించేసి, ఖాళీ ఫ్రేమ్‌ను గట్టింగ్‌కు ఇవ్వాలి.